ఉచితయాత్ర – ఋణధర్మము

తీర్థయాత్ర మన గృహస్థజీవనమున ఒక ముఖ్యమైన అంగము. సంవత్సరమంతయు సంసారభారమును మోసిన గృహస్థుడు, పంట చేతికి వచ్చిన పిదపనో, పిల్లలకు సెలవులు దొరకినప్పుడో, కుటుంబసమేతముగా స్వామి సన్నిధికి బయలుదేరును. ఏ క్షేత్రమునకు పోవలెను, ఏ తీర్థమున స్నానమాడవలెను, ఏ నియమములు పాటింపవలెను అను విషయములను పెద్దలు విస్తరించి చెప్పియున్నారు. వాటన్నిటికంటె ముందుగా వారు అడిగిన ప్రశ్న మరియొకటి కలదు. “ఏ ధనముతో పోవుచున్నావు?” అనునదే ఆ ప్రశ్న. ఆ పాత ప్రశ్న నేడొక క్రొత్త వేషముతో మన ముంగిట నిలిచియున్నది. కావున దానిని కొంచెము నిదానముగా విచారింతము.

శ్రీకాకుళం జిల్లాలో హౌరా–చెన్నై రైలుమార్గముపై హరిశ్చంద్రపురము అను ఊరు కలదు. అక్కడినుండి ముందుకు సాగినచో టెక్కలి, నౌపడ ఉప్పుమళ్ళు, పలాస వచ్చును. సముద్రము వైపున కొబ్బరితోటలతోను, జీడితోటలతోను నిండినది ఉద్దానము. ఈ ప్రాంతపు వైష్ణవ కుటుంబములకు చేరువనున్న క్షేత్రము శ్రీకూర్మము. పిదప సింహాచలము. ఉత్తరమున పురుషోత్తమక్షేత్రమైన పూరీ, దక్షిణమున తిరుమల. ఈ యాత్రలు తరతరములుగా కాలినడకనో, బండ్లమీదనో, రైళ్ళలోనో సాగినవి. ఇప్పుడు పట్టణములలో ఉద్యోగములు చేయు బిడ్డలు ఇంటికి ఫోను చేసి, “అమ్మా, మీ ఇద్దరికీ బదరీయాత్రకు టికెట్లు తీశాను. విశాఖపట్నం నుంచి ఢిల్లీ వరకు విమానమే. డబ్బేమీ పెట్టలేదు, కార్డు పాయింట్లతో ఉచితంగా వచ్చాయి” అని చెప్పు దినములు వచ్చినవి.

అట్టి ఇంటిని ఒకదానిని ఊహింతము. తల్లికి పట్టరాని సంతోషము. తండ్రికి మాత్రము ఒక సందేహము. “ఉచితమన్నప్పుడు ఇచ్చినవాడొకడు ఉండవలెను గదా! ఆ ఇచ్చినవాడెవడు? మనకేల యిచ్చినాడు?” ఈ సందేహమును ముసలితనపు చాదస్తమని కొట్టివేయరాదు. దాత యెవరో తెలియని దానమును గ్రహింపవచ్చునా అను ధర్మప్రశ్న అందులో కలదు.

ముందుగా ఈ పాయింట్ల సంగతి తెలిసికొందము. క్రెడిట్ కార్డుతో గృహస్థుడు బియ్యము, మందులు, బట్టలు, పెట్రోలు కొనును. ఆ క్షణమున డబ్బును బ్యాంకు ఇచ్చును. నెలకొకసారి వచ్చు బిల్లును గడువులోగా పూర్తిగా చెల్లించినచో వడ్డీ లేదు. పైగా ఖర్చుచేసిన ప్రతి నూరు రూపాయలకు కొన్ని పాయింట్లు జమయగును. అట్లు కూడిన పాయింట్లను విమానసంస్థకు మార్చి, టికెట్టు పుచ్చుకొనవచ్చును. అప్పటికిని పన్నులు, విమానాశ్రయపు రుసుములు సాధారణముగా చేతినుండియే కట్టవలెను.

ఈ పద్ధతి మనకు మరీ క్రొత్తది కాదు. భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923లో బందరున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు, మన దేశమున క్రెడిట్ కార్డును తొలుత ప్రవేశపెట్టిన బ్యాంకులలో ఒకటి. అది 1981లో జరిగినది. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనది. అదే 1981లో అమెరికాలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ సంస్థ, తరచుగా ప్రయాణించువారికి మైళ్ళు లెక్కకట్టి ఉచిత టికెట్టునిచ్చు పథకమును ఆరంభించినది. 1987లో ఒక బ్యాంకు ఆ పథకముతో కార్డును జోడించినది. అంతవరకు ముఖ్యముగా విమానమెక్కినవానికే మైళ్ళు వచ్చుచుండెను. ఆపై అంగడికి పోయినవానికిని వచ్చుట మొదలైనది. మన దేశమున ఎయిర్ ఇండియా 1994 నుండి ఇట్టి పథకమును నడుపుచున్నది.

ఇక అసలు విచారణకు వత్తము. ఈ టికెట్టు మూల్యము ఏ యే సంచులనుండి వచ్చుచున్నది?

మొదటిది వర్తకుని సంచి. కార్డుతో నూరు రూపాయల సరకు అమ్మినప్పుడు వర్తకునికి నూరు రూపాయలును చేరవు. సాధారణముగా రెండు రూపాయల చుట్టుప్రక్కల రుసుముగా పోవును. వర్తకుడు ఆ నష్టమును తన తలపై పెట్టుకొని కూర్చొనడు. సరకుల ధరలో దానిని కలుపుకొనును. అట్లు కలుపుకొన్న ధర కార్డువానికి ఒకటి, నగదువానికి ఒకటి కాదు. అందరికిని ఒకటే. పలాస–కాశీబుగ్గలలో జీడిపిక్కలు కొట్టి, పప్పునకు పొట్టు ఒలిచి కూలి తెచ్చుకొను ఆడవారు ఎందరో కలరు. పిక్కల రసము తగిలి నల్లబడిన ఆ చేతులతో సబ్బుబిళ్ళకు చిల్లర లెక్కపెట్టి యిచ్చునామె, కార్డు గీచినవాడు ఇచ్చిన ధరనే యిచ్చును. కార్డువానికి పాయింట్లు వచ్చును. ఆమెకు రావు. ఆమె యిచ్చిన ధరలో ఏ కాసో, అరకాసో ఆ పాయింట్లలోనికి పోయినది. 2010లో అమెరికాలోని బోస్టన్ ఫెడరల్ రిజర్వు బ్యాంకు పరిశోధకులు ఈ విషయమును లెక్కకట్టిరి. నగదుతో కొను కుటుంబము సగటున ఏటా 149 డాలర్లు తనకు తెలియకుండనే ఇచ్చుకొనుచుండగా, కార్డుతో కొను కుటుంబము 1,133 డాలర్లు పొందుచున్నదని వారు చెప్పిరి. అది ఆ దేశపు లెక్క. మన దేశపు కొలతలు వేరుగా ఉండవచ్చును. కాని నీరు పారు దిక్కు మాత్రము ఒక్కటియే.

రెండవది ఋణగ్రస్తుని సంచి. గడువులోగా బిల్లు పూర్తిగా కట్టలేనివానికి నెలకు నూటికి మూడు, మూడున్నర రూపాయల వడ్డీ పడును. అనగా సంవత్సరమునకు 36 నుండి 42 శాతము. పాత కాలపు వడ్డీ వర్తకుని మనము కథలలో నిందింతుము. ఈ వడ్డీని చూచినచో అతడును వెనుకంజ వేయునేమో! జాతీయ వినియోగదారుల కమిషను 2008లో, కార్డు బాకీపై 30 శాతమునకు మించిన వడ్డీ అన్యాయమని తీర్పు చెప్పినది. సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న ఆ తీర్పును కొట్టివేసినది. కావున ఆ హద్దు నేడు లేదు.

మూడవది మన సంచియే. చేతినుండి నోటు జారునప్పుడు కలుగు నొప్పి కార్డు గీచునప్పుడు కలుగదు. 2001లో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థకు చెందిన ఇద్దరు ఆచార్యులు ఒక ఆటపోటీ టికెట్లకు వేలము పెట్టి చూచిరి. కార్డుతో చెల్లింతుమన్నవారు, నగదు ఇత్తుమన్నవారికంటె రెట్టింపువరకు పాడిరట! పాయింట్లపై ఆశ దీనికి తోడైనచో చెప్పవలసినదేమున్నది? ఒక కార్డు నూటికి ఒక రూపాయి విలువ తిరిగి యిచ్చుననుకొందము. ఇద్దరి రాకపోకలకు 24,000 రూపాయల టికెట్లు రావలెనన్నచో 24 లక్షల రూపాయలు ఖర్చుచేయవలెను. అందులో అక్కరలేని ఖర్చు నూటికి ఒక రూపాయిని మించినచో, ఆ టికెట్టు ఉచితము కాదు, వెలకంటె ఎక్కువకు కొన్నదే. ఒక్క నెల 50,000 రూపాయల బాకీ నిలిచినచో 1,750 రూపాయల వడ్డీ. ఆ వడ్డీని పాయింట్లతో పూడ్చుకొనుటకు 1,75,000 రూపాయల కొనుగోలు చేయవలెను. ఈ లెక్కను ప్రతి గృహస్థుడును తన ఇంటి గోడపై వ్రాసికొనదగును.

ఈ మూడు సంచులలో రెండవదియే మనస్సును ఎక్కువగా కలత పెట్టుచున్నది. ఉద్దానమువారికి ఋణమన్నది పుస్తకములోని మాట కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను తాకినప్పుడు, తండ్రులు నాటి పెంచిన కొబ్బరిచెట్లు, జీడిచెట్లు ఒక్క పూటలో నేలకొరిగినవి. కొబ్బరిచెట్టు మరల కాపునకు రావలెనన్నచో ఏండ్లు పట్టును. అంతవరకు అప్పుచేయక తప్పని కుటుంబములు ఎన్నో! అంతకుముందునుండియు ఈ ప్రాంతమును కిడ్నీ జబ్బు పట్టి పీడించుచున్నది. 2023 డిసెంబరులో పలాసయందు కిడ్నీ పరిశోధనకేంద్రము, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనవి. ఐనను రోగి ఇంటిలో పనిచేయు చేయి ఒకటి తగ్గుటయు, ప్రయాణపు ఖర్చులు, మందుల ఖర్చులు పెరుగుటయు సామాన్యమైన భారము కాదు. ఒకే దినమున, ఒకే మందుల అంగడిలో, ఇద్దరు ఒకే విధమైన కార్డును గీతురనుకొందము. ఒకడు నెల తిరుగునప్పటికి బిల్లు కట్టి పాయింట్లు పొందును. మరియొకడు కట్టలేక నూటికి నలువది లెక్కన వడ్డీ పొందును. మొదటివాని విమానపు టికెట్టులో రెండవవాని వడ్డీ కొంత కలదు. తండ్రి అడిగిన “ఇచ్చినవాడెవడు?” అను ప్రశ్నకు ఇది సమాధానము.

ఇచ్చట కుమారుడు న్యాయముగా ఒక ఆక్షేపణ చేయవచ్చును. “నేను ఎవనిని అప్పుచేయుమనలేదు. నా బిల్లు నేను గడువులోగా కట్టితిని. ఈ పాయింట్లను నేను వదలివేసినంత మాత్రమున ఆ ఋణగ్రస్తుని వడ్డీ ఒక్క కాసైనను తగ్గదు. బ్యాంకు లాభములో చేరును. అట్లైనచో తలిదండ్రులను బదరికి పంపుట మేలా, బ్యాంకునకు వదలుట మేలా?”

ఈ మాట త్రోసిపుచ్చదగినది కాదు. అతడు దొంగిలింపలేదు, అబద్ధమాడలేదు. తలిదండ్రులకు భగవద్దర్శనము చేయింపవలెనను కోరిక ఉత్తమమైనది. పాయింట్లను చెత్తబుట్టలో వేయుట ధర్మమని ఏ పెద్దయు చెప్పడు. కాని “నేను పాపము చేయలేదు” అనుట వేరు, “నేను ఎవరికిని ఏమియు బాకీ లేను” అనుట వేరు. మొదటి మాట సత్యమైనను రెండవది సత్యము కాకపోవచ్చును. మన ధర్మము మానవుని పుట్టుకతోనే ఋణవంతునిగా చెప్పినది. దేవఋణము, ఋషిఋణము, పితృఋణము మన తప్పువలన వచ్చినవి కావు. పొందినందువలన వచ్చినవి. తప్పు లేకుండనే బాకీ ఉండవచ్చునను ఈ సూక్ష్మమే మన పెద్దల ఆలోచనలోని గొప్పతనము. పొందినదానిలో తిరిగి ఈయక తానొక్కడే అనుభవించువానిని దొంగ అని గీతాచార్యుడు అన్నాడు గదా! కుమారుడు పొందినవాడు. కావున ఋణవంతుడు. అతని విషయములో “ఉచితము” అను మాటయే సరియైనది కాదు.

తీర్థవిధులు ఈ విషయమున మిక్కిలి సూక్ష్మముగా పలికినవి. మహాభారతము అరణ్యపర్వమున, ఎవనికి తీర్థఫలము లభించునో చెప్పుచు, చేతులను, పాదములను, మనస్సును అదుపులో ఉంచుకొనినవానిని, ప్రతిగ్రహమునుండి మరలినవానిని, ఉన్నదానితో తృప్తినొందినవానిని పేర్కొన్నది. ప్రతిగ్రహమనగా పరులనుండి పుచ్చుకొనుట. పరుల అన్నముపై ఆధారపడి యాత్రచేయువానికి ఫలములో పదునారవ వంతే దక్కునని ధర్మనిబంధములు చెప్పుచున్నవి. దీనిని బెదరింపుగా గ్రహింపరాదు. తాను దేనినో విడిచి సంపాదించుకొన్న యాత్ర వేరు, చేతికి వచ్చిపడిన యాత్ర వేరు అని దాని తాత్పర్యము. మరి పుత్రుడు ఇచ్చినది పరధనమా? కాదు. పుత్రుని ధనముతో తలిదండ్రులు పోవుట సర్వవిధముల శ్రేష్ఠము. ఇచ్చట చూడవలసినది, ఆ టికెట్టులో పుత్రుని ధనమెంత, కనబడని పరుల ధనమెంత అనునదే.

మన ఇండ్లలో ముడుపు కట్టు ఆచారము కలదు. పసుపు గుడ్డలో స్వామిపేర కాసులు మూటకట్టి దేవునిమూల ఉంచుదురు. కష్టమో, సుఖమో కలిగినప్పుడెల్ల అందులో మరికొంత చేర్తురు. ఆ మూటలోని ప్రతి కాసును ఆ యిల్లాలు ఖర్చుచేయక విడిచినది. ఒక పండుగకు మానుకొన్న చీర, ఒక సంతలో కొనక వచ్చిన వస్తువు అందులో కలవు. పాయింట్లును మూటయే. చుక్క చుక్కగా అవియు కూడును. కాని వాటిలోని ప్రతి చుక్కయు ఖర్చుచేసినందువలన వచ్చినది. ముడుపు మానుకొనుటచే పెరుగును. పాయింటు కొనుటచే పెరుగును. చూచుటకు రెండును పొదుపువలెనే యున్నవి. ఒకటి మనస్సును స్వామివైపు త్రిప్పును, రెండవది అంగడివైపు త్రిప్పును. మరియొక భేదము కూడ కలదు. దేవునిమూలనున్న ముడుపు విలువను మరియొకడు మార్చలేడు. పాయింట్ల విలువను ఇచ్చినవాడు ఎప్పుడు తగ్గించినను తగ్గింపవచ్చును. 2012లో కింగ్‌ఫిషర్ విమానములు నిలిచిపోయినప్పుడు, ఆ సంస్థ మైళ్ళను కూడబెట్టుకొన్నవారికి ఎక్కుటకు విమానమే లేకపోయినది.

హరిశ్చంద్రపురము పేరు వినగానే ఆ సత్యసంధుడు మనకు స్మరణకు వచ్చును. గౌరన ద్విపదలోనే కాక, బలిజేపల్లివారి నాటకముద్వారా కూడ తెలుగువారి ఇంటింట తెలిసిన కథ యది. రాజ్యమంతయు ధారవోసిన పిదప, ఇంకను ఈయవలసిన సొమ్ము మిగిలియున్నది. కట్టలేనని అనుటకు ఆ మహారాజునకు దారులు లేకపోలేదు. ఐనను తన బాకీ భారము పరులపై పడరాదని ఆలుబిడ్డలను అమ్ముకొని, తానును కాశిలో అమ్ముడుపోయినాడు. ఆ కష్టము మనలనుండి ఎవరును కోరరు. ఒక్కటి మాత్రము గ్రహింపదగును. హరిశ్చంద్రుడు తన బాకీని బాకీ యనియే పలికినాడు. దానికి మరియొక తియ్యని పేరు పెట్టలేదు.

అంతేల? తిరుమలేశుడే ఋణవంతుడు! పద్మావతీ కల్యాణమునకై కుబేరునివద్ద ఋణము తీసికొని, కలియుగాంతమువరకు వడ్డీ కట్టుచున్నాడని మన నమ్మకము. అందుచేతనే భక్తులు ఆయనను వడ్డికాసులవాడని ముద్దుగా పిలుతురు. జగన్నాథునకు లేనిదేమి? ఐనను పెండ్లి ఉచితముగా జరిగినదని ఆయన చెప్పుకొనలేదు. పత్రము వ్రాసి, సాక్షులను నిలిపి, నేటికిని తీర్చుచున్నాడు. వడ్డీ బాధ యెరిగిన ఆ స్వామి సన్నిధికి, ఎవరో పేదవాని వడ్డీతో పోయి, ఖర్చే లేకుండ వచ్చితిమని చెప్పుకొనుట మనకు శోభనిచ్చునా?

కావున వైష్ణవగృహస్థుడు ఈ విషయమున పాటింపదగినవి ఏవి? బాకీ నిలుపు అలవాటున్నవాడు పాయింట్ల జోలికి పోరాదు. యుధిష్ఠిరుడు యక్షునకు చెప్పిన సమాధానమున, అప్పులేక తన ఇంట కూరాకు వండుకొని తినువాడే సుఖి. అట్టివాడు బదరికి పోకున్నను ఏమి లోటు? బస్సులో పోయి శ్రీకూర్మనాథుని సేవించి వచ్చిన యాత్ర, అప్పుతో విమానమెక్కిన యాత్రకు తీసిపోదు. ఇక గడువు తప్పక కట్టువాడు, పాయింట్లకై ఒక్క వస్తువునైనను అదనముగా కొనరాదు. కొనవలసినవి కొనగా సహజముగా వచ్చినవానిని తలిదండ్రుల యాత్రకు వినియోగించుట తప్పు కాదు. అట్లు వినియోగించునప్పుడు, ఆ టికెట్టు వెల యెంతయో తెలిసికొని, శక్తికొలది అందులో కొంత భాగమును, వీలైనచో అంతయు, పసుపు గుడ్డలో ముడుపు కట్టవలెను. ఆ ముడుపును యాత్రనుండి తిరిగివచ్చిన పిదప తన ఊరిలో వడ్డీ క్రింద నలుగుచున్న ఒకని బాకీకో, ఒక రోగి మందులకో, ఒక పిల్లవాని చదువుకో గుట్టుగా వెచ్చింపవలెను. ఎవని వడ్డీ తన టికెట్టులో చేరినదో అతనిని వెదకి పట్టుకొనుట సాధ్యము కాదు. అతనివంటివాడు మాత్రము ప్రతి వీథిలోను కలడు. సముద్రమునుండి లేచిన నీరు ఏ అలనుండి లేచినదో మేఘమునకు తెలియదు. ఐనను ఎండిన చేనుపై కురిసి తన ఋణము తీర్చుకొనును.

శ్రీకూర్మము ఆలయస్తంభములపై శాసనములు అనేకము కలవు. దానముచేసినవాని పేరు, ఇచ్చినదేమి, ఎందులకిచ్చినాడు అను విషయములు రాతిలో చెక్కియున్నవి. నరహరితీర్థులవంటి మహనీయుల శాసనములును అందులో కలవు. దానము ఎక్కడనుండి వచ్చినదో దాచరాదు, మరువరాదు అను బుద్ధి ఆ రాళ్ళలో పలుకుచున్నది. మన టికెట్టుపై దాతల పేర్లు వ్రాసియుండవు. కాబట్టియే వారిని మన మనస్సుపై వ్రాసికొనవలెను.

ఆ ఇంటి తండ్రి బదరికి పోవచ్చును. నరనారాయణుల ఎదుట నిలిచి తన గోత్రనామములు చెప్పుకొనునప్పుడు, పేరు తెలియని ఆ ఋణగ్రస్తుని క్షేమమును, సబ్బుబిళ్ళకు చిల్లర లెక్కపెట్టిన ఆ కూలితల్లి క్షేమమును కూడ కోరవలెను. తిరిగివచ్చి ముడుపు విప్పవలెను. అప్పుడు ఆ యాత్ర సంపూర్ణమగును.

మన ఆచార్యులు భగవత్కృపను నిర్హేతుకమన్నారు. ఏ కొనుగోలునకును బదులు కాక, ఏ లెక్కయు చూడక, తల్లి బిడ్డకు పాలిచ్చినట్లు ఇచ్చునది అదియొక్కటే. లోకమున నిజముగా ఉచితమైనది ఏదైన ఉన్నచో అది ఆ కృపయే. మిగిలినవాటికన్నిటికి ఎవరో ఒకరు ఎక్కడనో వెల చెల్లించుచున్నారు. ఆ చెల్లించినవారిని మరువని బుద్ధిని, మరువక తిరిగి యిచ్చు శక్తిని వడ్డికాసులవాడైన శ్రీనివాసుడు మనకందరకు అనుగ్రహించుగాక!